చున్నీ మీద వేసిన బరువు

సిరిమానోత్సవం దగ్గరపడితే విజయనగరం గంటస్తంభం చుట్టూ ఉన్న బట్టల దుకాణాల్లోనూ, సంక్రాంతి ముందు శ్రీకాకుళం జి.టి. రోడ్డులోనూ ఒకటే మాట వినిపిస్తుంది: "పిల్లకి కాస్త పద్ధతైనవి చూపించు బాబూ." పిల్లకి పదమూడో పద్నాలుగో ఉంటాయి. చిన్నపిల్లల గౌన్లు పట్టవు, పెద్దవాళ్ల సైజులు భుజం మీంచి జారిపోతాయి. తీసి పరిచినవాటిలో సగానికి చేతులుండవు. "చేతులు లోపల కవర్లో ఉన్నాయమ్మా, కుట్టించుకోండి" అంటాడు కుర్రాడు. మిగతావి జార్జెట్టు, లైనింగు సగంలోనే ఆగిపోతుంది. తల్లి మెడ లోతు చూస్తుంది, పక్క చీలిక ఎక్కడ మొదలైందో చూస్తుంది, లైటుకి ఎత్తిపట్టి చూస్తుంది. తండ్రి కుర్చీలోంచే తల అడ్డంగా ఊపుతాడు. పిల్ల నోరు విప్పదు. తన ముందే తన ఒంటి గురించి, ముక్కూమొహం తెలియని కుర్రాడితో అమ్మానాన్నా బేరమాడుతుంటే ఏం మాట్లాడుతుంది?

ఆ తల్లుల్లో నేనూ ఒకదాన్ని. నిండైన బట్ట కోరుకోవడం తప్పని నేననను. ఒంటికి హాయిగా ఉండి, నలుగురిలో బెరుకు లేకుండా నిలబడనిచ్చే బట్ట ప్రతి పిల్లకీ దక్కాలి. చాలామంది పిల్లలు తమంతట తామే అలాంటివి ఏరుకుంటారు కూడా. మన తప్పు వేరే చోట ఉంది. బస్సులో, ట్యూషన్ సందులో, పెళ్లింట్లో పిల్లకి కాపు కాయాల్సిన వాళ్లం మనం. ఆ పని మన చేత కాక రెండు గజాల చున్నీకి అప్పజెప్పాం.

చున్నీ ఆ పని చెయ్యదని తెలిసే అప్పజెప్పాం. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. ఆ చట్టం కింద నమోదైన అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు ఆ పిల్లకి తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతున్నాయి. అంటే బంధువులు, ఇరుగుపొరుగు, చనువుగా ఇంట్లోకి వచ్చేవాళ్లు. నాగపూర్‌లో పన్నెండేళ్ల పిల్లని బట్టల మీంచి తడిమినవాడికి పోక్సో వర్తించదని బొంబాయి హైకోర్టు అంటే, 2021 నవంబరు 18న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. దురుద్దేశంతో తాకడమే నేరం, మధ్యలో బట్ట ఉన్నా లేకపోయినా ఒకటేనని చెప్పింది. కోర్టు ఈ మాట చెప్పి ఏళ్లు గడిచినా మన ఇళ్లలో ఇంకా బట్ట దగ్గరే తగువు.

వరసల సంగతి మరీ బాధపెడుతుంది. మన వైపు బావ వరస, మావ వరస అయితే ఏమన్నా చెల్లుతుంది. పిల్ల ఓణీ వేసుకుందని తెలిస్తే చాలు, నలభై ఏళ్లవాడు "నన్ను చేసుకుంటావేటే?" అంటాడు, జడ లాగుతాడు, బుగ్గ గిల్లుతాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లం నవ్వుతాం. పిల్ల మొహం మాడ్చుకుంటే "సరదాకి అన్నాడే, వరసైనోడు" అంటాం. ఎప్పుడో ఒకనాడు ఆ పిల్ల వంటింట్లోకి వచ్చి, "ఆయన చూపు నాకు బాగోలేదమ్మా" అంటుంది. ఆ ఒక్క మాట అనడానికి దానికి ఎంత ధైర్యం కావాలో మనకి తెలుసు, మనమూ ఆ వయసు దాటి వచ్చినవాళ్లమే. అయినా ఆయన్ని పిలిచి అడగం. పెద్దమనిషి, పైగా చుట్టం, రేపు పెళ్లి పనులకి కావాలి. "నువ్వెల్లి సున్నీ ఏసుకో" అంటాం. ఇక ఆ పిల్ల మళ్లీ చెప్పదు. చెప్పకపోతే ఏమీ జరగడం లేదనుకుని నిబ్బరంగా నిద్రపోతాం.

దీన్నంతటినీ సంప్రదాయం అని నమ్మించాం. ఏ సంప్రదాయం? మన పల్లెల్లో రవిక ఎరగని ముసలమ్మలు మొన్నమొన్నటి దాకా ఉన్నారు. గూడకట్టు కట్టి, చీర మోకాళ్ల పైకి దోపి వరి మడిలో రోజంతా వంగి నాట్లేశారు. వాళ్లని సిగ్గులేని మనుషులని ఎవరూ అనలేదు. తరవాత పరికిణీ ఓణీయే పద్ధతన్నారు. చుడీదారు వచ్చినప్పుడు పట్నం పోకడన్నారు. ఇప్పుడు అదే చుడీదారు పద్ధతైన బట్టయింది, దాని మీద చున్నీ, చాలా కాలేజీల్లో చున్నీ మీద మళ్లీ కోటు. సముద్రపు ఉక్కలో, మార్చి పరీక్షల్లో, మగపిల్లలు ఒక్క చొక్కాతో కూర్చున్న గదిలోనే ఆడపిల్లలు మూడు పొరల్లో చెమటోడుస్తూ పరీక్ష రాస్తున్నారు. ఆ కోటు వద్దని ఎప్పుడైనా మనం అడిగామా? ఉంటే మంచిదేలే అనుకున్నాం.

ఆ ఉక్కకి తగిన నూలు నేసే పొందూరు ఇక్కడే ఉంది. కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, నూరో నంబరు సన్ననూలు వడికే ఊరు. గాంధీ మెచ్చిన నేత. ఆ నూలు వడికేది ఆడవాళ్లు. అది నాయకుల పంచెలకీ కండువాలకీ పేరు పడింది. ఈ ఉక్కకి మన పిల్లలకి అలాంటి చల్లటి నూలు బట్ట, వాళ్ల వయసుకి తగ్గ కుట్టు, చేతులతో సహా కుట్టి ఉన్నది కావాలని మనం అడగలేదు. ఖరీదు పెద్దదే, ఒప్పుకుంటాను. కానీ పండక్కి పాలిస్టరు తళుకులకి ఇంచుమించు అంతే పోస్తున్నాం, రెండు ఉతుకులకి పాడైపోయేవాటికి.

గురజాడ విజయనగరంలోనే ఉండి 'కన్యక' రాశాడు. అందులోని పిల్ల మంచి చీర కట్టి, పూలు పెట్టుకుని గుడికి వెళుతోంది. దారిలో రాజు చూసి ఆశపడ్డాడు. చివరికి నిప్పుల్లో దూకింది పిల్ల. ఆయన 1915లోనే పోయాడు. ఆయన ఇల్లు చూపించడానికి పిల్లల్ని తీసుకెళతాం, ఆ కవిత బళ్లో వల్లె వేయించాం. చూసినవాడిది తప్పని అంత సూటిగా రాసినవాడి ఊళ్లో, పిల్ల మెడ కొలతలు మాత్రమే మనం సరిచేస్తూ వచ్చాం.

అదే దుకాణంలో మగపిల్లాడికి బట్టలు పది నిమిషాల్లో అయిపోతాయి. వాడికి నచ్చిన జీన్సు, వాడికి నచ్చిన చొక్కా. వాడి చూపు గురించి, బస్సులో వాడి మోచెయ్యి గురించి, ఫోనులో వాడు ఎవరి ఫొటోలు ఎవరికి పంపుతున్నాడన్నదాని గురించి ఎవరమూ వాడితో కూర్చుని మాట్లాడం. 2024 డిసెంబరు 7న ఒకసారి, 2025 జూలై 10న మరోసారి రాష్ట్రమంతా ఒకే రోజు బళ్లలో తల్లిదండ్రుల సమావేశాలు పెట్టారు. మార్కులు అడిగే తల్లులం, భోజనం ఎలా ఉందనీ బూట్లు సరిపోయాయా అనీ అడిగే తల్లులం మనం. "మావాడు ఆడపిల్లలతో ఎలా ఉంటున్నాడు మేస్టారూ?" అన్న ప్రశ్న మన నోట రాదు. నాకూ ఒక కొడుకున్నాడు. వాడి గురించి ఆ మాట నేనూ ఇంతవరకు ఏ మేస్టారినీ అడగలేదు.