అమ్మకపు వృత్తి – ఆటిజము గలవారు

విక్రయవృత్తికి వాక్చాతుర్యమే మూలధనమనియు, ఎదుటివాని ముఖము జూచి మనసు గ్రహింపలేనివాడు దుకాణమున నిలువజాలడనియు మన వ్యాపారలోకము చిరకాలముగ నమ్ముచున్నది. ఆ నమ్మిక వలననే ఆటిజము గల యువకుడు కొలువడుగ వచ్చినపుడు, వానికి ఏమి తెలియునో విచారింపక మునుపే, జనసంచారము లేని యొక మూలగదిని, అందొక కంప్యూటరును చూపుటకు యజమానులు తొందరపడుదురు. సదుద్దేశముతో జరిగిన ప్రయత్నములే ఈ ధోరణికి కొంత బలము చేకూర్చినవి. తన కుమారునకు ఆటిజము గలదని తెలిసిన పిమ్మట డెన్మార్కు దేశీయుడు థోర్కిల్ సోన్నె 2004లో స్థాపించిన సంస్థయు, జర్మనీకి చెందిన శాప్ కంపెనీ బెంగుళూరు కార్యాలయమున చేసిన తొలి నియామకములును ప్రధానముగ సాఫ్ట్‌వేరు పరీక్షల పనివైపే మొగ్గినవి. అవి మేలు చేసినవనుటకు సందేహము లేదు. కాని ఆటిజమనగా అంకెల ప్రజ్ఞ యనెడి భ్రమ వానివెంటనే ప్రబలినది. ఆ ప్రజ్ఞ లేనివారును, ఉండియు మనుష్యుల నడుమ పనిచేయగోరువారును ఎందరో కలరు.

అయితే అమ్మకములో వీరికి నిజముగ కఠినమైన దేది? ఆషాఢమాసపు తగ్గింపు ధరల దినములలో ఒక బట్టల దుకాణము నూహింపుడు. కన్నులకు మిరుమిట్లు గొలుపు దీపములు, ఎడతెగని మైకు ప్రకటనలు, ఒక్కసారిగ నలుగురి ప్రశ్నలు, వెనుక నిలిచి టార్గెట్టు గుర్తుచేయు మేనేజరు – వీనిలో ఏ యొక్కటియు చీర నమ్ముటకు అవశ్యము కాదు. ‘చూసి చెప్తాం లెండి’ యని కొనవచ్చినవారు లేచినపుడు అది మర్యాదతో గూడిన నిరాకరణమని తక్కినవారు వెంటనే గ్రహింతురు; ఆటిజము గలవారిలో కొందరు ఆ మాటను ఉన్నదున్నట్లు నమ్మి, చీరను ప్రక్కన దాచియుంచవచ్చును. ఇది సూటిగ చెప్పిన నేర్చుకొనదగిన సంగతియే. భరింపరానిది మరియొకటి కలదు: ఇతరులవలె కనబడుటకై దినమంతయు తెచ్చిపెట్టుకొనవలసిన చిరునవ్వు, బలవంతపు చూపు. నేడు దీనిని మాస్కింగ్ అనుచున్నారు. కొట్టు కట్టివేసిన పిమ్మట వారిని క్రుంగదీయు అలసటలో అమ్మకపు శ్రమ కొంచెము, ఈ నటన శ్రమ మిక్కుటము.

ఇక ఆటిజము గలవారిలో పలువురికి గలదని చెప్పబడు సత్యవాదిత్వము. 17వ శతాబ్దమున ఇంగ్లండులోని క్వేకరు అను క్రైస్తవ శాఖకు చెందిన వర్తకులు, తాము పుచ్చుకొన సిద్ధపడిన దానికంటె హెచ్చు ధర చెప్పుట అసత్యమని తలచి, బేరమును విడిచి ఒకే ధర చెప్పసాగిరి. మొదట గిరాకీ తగ్గినను, చిన్నబిడ్డను పంపినను మోసము జరుగదని తెలిసిన జనము క్రమముగ వారినే వెదకుకొని వచ్చిరి. ట్రాక్టరు విడిభాగములు, వినికిడి యంత్రములు, రంగులు మొదలగువాని వర్తకములలో నేడును సరకును లోతుగ నెరిగి, ఉన్నమాట చెప్పువాడే కావలెను. ఏ బేరింగు ఏ యింజనుకు సరిపోవునో తడుముకొనక చెప్పగలవాని మాటకారితనమును రైతు పరీక్షింపడు. అట్లని ఆటిజము గల ప్రతివాడును హరిశ్చంద్రుడనుట మరియొక మూఢత్వము. వారిలోను అన్ని విధములవారు కలరు. అమ్మకము సరిపడక మానుకొన్నవారిని తప్పుపట్టుటకు మనమెవరము?

ఆటిజము గలవారు తక్కినవారి మనసు నెట్లు గ్రహింపలేరో, తక్కినవారును వారి మనసు నట్లే గ్రహింపలేరని, తానును ఆటిజము గల బ్రిటిషు పండితుడు డేమియన్ మిల్టన్ 2012లో వాదించెను. ఈ మాట నిజమైనచో సర్దుబాటు భారమంతయు కొలువు చేయువాని మీదనే మోపుట న్యాయము కాదు.

యజమానుల వంతు భారమును చట్టము కొంత పేర్కొనుచున్నది. మన 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు వైకల్యములను మాత్రమే పేర్కొని ఆటిజమును విడిచినది; 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములలో దానికి చోటిచ్చినది. దాని తీవ్రతను కొలుచు భారతీయ ప్రమాణమును రూపొందించినది సికింద్రాబాదులోని జాతీయ సంస్థయే. ప్రభుత్వ కొలువులలో రిజర్వేషను కలదు గాని, అమ్మకపు కొలువులు చాలవరకు ప్రైవేటు యజమానుల చేతిలో నున్నవి. వారికిని వర్తించునది 2016 చట్టములోని 21వ సెక్షను. ప్రతి సంస్థయు సమానావకాశ విధానపత్రమును ప్రకటించి వికలాంగుల కమిషనరు వద్ద నమోదు చేయవలెననియు, 20 మందికి తక్కువ కాని సిబ్బంది గల ప్రైవేటు సంస్థ అందు తగిన కొలువులను, సౌకర్యములను పేర్కొనవలెననియు చట్టమును, 2017 నాటి నిబంధనలును చెప్పుచున్నవి.

ఆ సౌకర్యములు వ్యయప్రయాసలతో గూడినవి కావు. ఇంటర్వ్యూలో చూపు కలిపెనా లేదా యని చూచుటకు మారుగ రెండు దినములు కౌంటరులో పని చేయించి చూడవచ్చును. ఆదేశములను నోటిమాటగ గాక కాగితముపై ఈయవచ్చును. మైకునకు దూరముగ స్థిరమైన స్థానము, నడుమ కొంత విశ్రాంతి కల్పింపవచ్చును. అన్నిటికంటె ముఖ్యము, జీతమంతయు కమీషనుపై వ్రేలాడకుండుట. ఒక చెడు వారము కొలువునే హరించు పద్ధతిలో ఏ సౌకర్యమును నిలువదు. రెండు తెలుగు రాష్ట్రముల వికలాంగుల కమిషనర్లు, పేరుగాంచిన దుకాణములలో ఎన్ని ఈ విధానపత్రమును నమోదు చేసినవో జాబితాగ ప్రకటింపవలెను. చేయనివారికి నోటీసు లీయవలెను.