దొంగిలించిన వేలిముద్రను మార్చుకోగలమా?

మన హాస్టల్లో హాజరుకు వేలు పెట్టాలి. స్కాలర్‌షిప్‌కూ వేలే, ఊళ్లో అమ్మ తెచ్చే రేషన్ బియ్యానికీ వేలే. ఇప్పుడు ఫోన్ తెరవడానికీ వేలే. "పాస్‌వర్డ్ అయితే పక్కవాడు చూస్తాడు, వేలు ఎవడు ఎత్తుకుపోతాడురా?" అని మా రూంలో అందరూ నా మీద పడ్డారు. నేను మాత్రం ఒప్పుకోలేదు.

వేలు ఎత్తుకుపోనక్కర్లేదు, ముద్ర చాలు. 2002లో జపాన్‌లోని యోకొహామా నేషనల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మత్సుమోతో జెలటిన్‌తో నకిలీ వేళ్లు చేసి పరీక్షిస్తే 11 రకాల మిషన్లూ మోసపోయాయి. గాజు మీద పడిన ముద్ర నుంచి కూడా ఆయన వేలు చేయగలిగారు. మనం రోజూ గ్లాసుల మీద, కంచాల మీద ముద్రలు వదిలి వస్తూనే ఉన్నాం కదా! జపాన్ దాకా ఎందుకు, 2018లో మన పెద్దపల్లి జిల్లాలో ఒకతను భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, ఆధార్ తనిఖీని దాటించి, వేల సిమ్‌కార్డులు యాక్టివేట్ చేసి పోలీసులకు చిక్కాడు.

ఇక నిద్రపోతున్నవాడి వేలు ఫోన్‌కు ఆనించి మెసేజ్‌లు చదివిన ఘనులు మన దగ్గరే ఉన్నారు. పేర్లు రాస్తే ఎడిటర్ గారు వేసుకోరు.

పాస్‌వర్డ్ పోయిందని తెలిస్తే ఆ రాత్రే మార్చుకుంటాం. 2015లో అమెరికాలో 56 లక్షల మంది వేలిముద్రలు ప్రభుత్వ రికార్డుల నుంచి దొంగలపాలయ్యాయి. వాళ్లు కొత్త వేళ్లు ఎక్కడ తెచ్చుకుంటారు? అలాగని 1234, అభిమాన హీరో పేరు పెట్టుకునేవాళ్లను నేను వెనకేసుకు రావడం లేదు. అది తాళం వేసి చెవి గుమ్మానికి తగిలించడమే.

నా అసలు భయం ఫోన్ గురించి కాదు. ఊళ్లో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు చెప్పి వేలు పెడితే ఖాతాలోంచి డబ్బు వస్తుంది, పిన్ అడగరు. అమ్మ కూలి డబ్బులు ఆ ఒక్క వేలి మీదే ఉన్నాయి. అందుకే దసరా సెలవుల్లో అమ్మ ఆధార్‌కు బయోమెట్రిక్ లాక్ పెట్టాను. లాక్ ఉంటే ఎవరు వేలు పెట్టినా పనిచేయదు. రేషన్ రోజు తీయాలి, మళ్లీ వేయాలి. మొన్న నేను తీయడం మర్చిపోయాను. డీలర్ దగ్గర క్యూలో నిలబడి ఫోన్ చేసి, ఓటీపీ చదివి చెప్తూనే అమ్మ నన్ను నాలుగు తిట్టింది.