అక్కయ్య స్కానింగు – అమ్మాయి పరిశోధన

మాగాయ బూజు పట్టకుండా ఏం చెయ్యాలని అడిగినవాళ్ళందరికీ వచ్చేవారం తప్పకుండా జవాబు రాస్తాను. ఈవారం నా మనసు ఊరగాయల మీద లేదు. మా ఇంట్లో పదిరోజులుగా ఒకటే రభస. మా తోడికోడలు – నేను అక్కయ్యా అనే పిలుస్తాను – రెండో స్కానింగుకి వెళ్ళనంటే వెళ్ళనని భీష్మించుకు కూర్చుంది.

అక్కయ్యకి మెడ దగ్గర గడ్డలు కట్టాయి. పరీక్ష చేస్తే లింఫు గ్రంథుల క్యాన్సరని తేలింది. మందులు ఎక్కిస్తున్నారు. మధ్యలో ఒకసారి 'పెట్' స్కాన్ తీసి, ఇవే మందులు కొనసాగించాలా, మార్చాలా అన్నది నిర్ణయిస్తామన్నారు డాక్టరుగారు. ఆ సంగతి అక్కయ్యకీ తెలుసు. కానీ మొదటిసారి జరిగింది ఆవిడ మరిచిపోలేదు. ఇంజెక్షను ఇచ్చి గంటసేపు ఒక్కదాన్నీ గదిలో కూర్చోబెట్టారు. నర్సు తలుపు దగ్గర్నించే మాట్లాడింది. ఆరోజుకి ఏడాదిన్నర మనవణ్ణి ఒళ్ళోకి తీసుకోవద్దన్నారు. "నన్ను మైలపడ్డదాన్ని చేసి మూల కూర్చోబెట్టారే! ఒంట్లోకి అంత విషం ఎక్కించుకోడానికి మళ్ళీ నేను వెళ్ళాలా?" అని ఆవిడ బాధ.

సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు కూతురు సెలవులకి దిగింది. ఫిజిక్సులో పిహెచ్.డి. చేస్తోంది. ఏం చేస్తున్నావే అంటే ఎప్పుడూ "డిటెక్టర్లు అత్తయ్యా" అనేసి ఊరుకునేది. మేమూ అంతకుమించి అడిగిన పాపాన పోలేదు. తీరా చూస్తే ఆ పిల్ల పనిచేసేది ఈ స్కాన్ మిషన్లకి ఉండే కంటి మీదే!

చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అది చెప్పుకొచ్చింది. కిరణాలు పుట్టించడం ఒక ఎత్తయితే, వాటిని పట్టుకోవడం ఇంకో ఎత్తట. పట్టుకునే సాధనం మొద్దుదైతే మనిషికి ఎక్కువ కిరణాలు తగలాలి, ఎక్కువసేపు తగలాలి. 1895 డిసెంబరు 22న జర్మనీలో రాంట్జెన్ తన భార్య బెర్తా చేతికి ఎక్స్‌రే తీశాడు. ఫొటో ప్లేటు మీద దాదాపు పావుగంటసేపు చెయ్యి కదపకుండా పెట్టుకు కూర్చుందావిడ. ఉంగరంతో సహా ఎముకలు పడ్డాయి. (పేరంతా ఆయనకే వచ్చిందనుకోండి!) మరుసటి ఏడే అమెరికాలో ప్యూపిన్ అనే ఆయన, ఎక్స్‌రే తగిలితే వెలిగే తెర ఒకటి ఆ ప్లేటుకి ఆనించాడు. గంటసేపు పట్టే బొమ్మ కొద్ది సెకన్లలో వచ్చేసింది. కిరణం పాతదే, కన్ను మారిందంతే.

మరి అక్కయ్యకి తీసేదాంట్లో కిరణాలు ఒంట్లోంచే వస్తాయి. (దాంతోపాటు బయటినుంచి సి.టి. కూడా తీస్తారు, అది వేరే.) ఇంజెక్షనులో ఇచ్చేది గ్లూకోజులాంటి పదార్థం. దానికి ఫ్లోరిన్-18 తగిలిస్తారు. చాలారకాల క్యాన్సరు కణాలు బెల్లానికి చీమలు మూగినట్టు దానికోసం ఎగబడతాయి. అక్కడినుంచి రెండు గామా కిరణాలు పుట్టి, ఒకటి ఇటూ, ఒకటి అటూ ఎదురెదురు దిక్కులకి పోతాయి. చేతికి గాజు తొడిగినట్టు మనిషి చుట్టూ ఒక వలయం ఉంటుంది కదా, దాన్నిండా వేలకొద్దీ చిన్న చిన్న స్ఫటికాలే. కిరణం తగలగానే స్ఫటికం మిణుక్కుమంటుంది. ఎదురెదురుగా రెండు ఒకేసారి మిణుక్కుమన్నాయంటే, జబ్బు ఆ రెంటినీ కలిపే గీత మీద ఎక్కడో ఉందన్నమాట.

ఎక్కడో అంటే ఎలా? అందుకని ఏది ముందు మెరిసిందో చూడాలి. ఈ తేడాని పికోసెకన్లలో కొలుస్తారు. సెకనుని లక్ష కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క పికోసెకను! ఇప్పుడున్న మేలురకం మిషన్లు 200 పికోసెకన్ల దాకా పసిగడతాయి. అంటే సుమారు 3 సెంటీమీటర్ల లోపు చోటు చెప్పగలవు. 10 పికోసెకన్లకి చేరితే మిల్లీమీటరున్నరలోపు చెప్పొచ్చు. ప్రపంచంలో ఈ పనిమీద ఉన్నవాళ్ళందరి కళ్ళూ ఆ పది మీదే.

స్ఫటికాల కథ విని నేను నవ్వుకున్నాను. 1948లో హాఫ్‌స్టాడ్టర్ కనిపెట్టిన సోడియం అయొడైడు బాగా వెలుగుతుంది గాని, వానాకాలం మన ఉప్పుజాడీలాగే చెమ్మ లాగేస్తుందట! అందుకని గాలి సోకకుండా డబ్బాలో బిగిస్తారు. థైరాయిడు స్కాన్ తీసే గామా కెమెరాల్లో ఇప్పటికీ అదే వాడుతున్నారు. తరవాత వచ్చిన బి.జి.ఓ.కి చెమ్మ బాధ లేదు, కాని వెలుగు తక్కువ, పైగా నిదానం. 1990 దశకంలో వచ్చిన ఎల్.ఎస్.ఓ. వెలుగూ ఎక్కువే, వేగమూ ఎక్కువే.

"ఇంతకీ నువ్వేం చేస్తావే?" అంది అక్కయ్య, అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకున్నదల్లా.

"టేపు చుడతాను పెద్దత్తయ్యా."

కుళాయి కారకుండా ప్లంబరు చుడతాడే, అలాంటి తెల్ల టెఫ్లాన్ టేపు! స్ఫటికంలో పుట్టిన వెలుగు పక్కలనించి పోకుండా అన్ని వైపులా చుట్టి, ఒక్క ముఖం మాత్రం వదిలేస్తారు. ఎన్ని పొరలు చుట్టాలి, స్ఫటికాన్ని ఎంత నునుపు చెయ్యాలి, ఎంత పొడుగు కొయ్యాలి – ఒక్కోటీ మార్చడం, కొలవడం, మళ్ళీ మొదలెట్టడం. ఏడాదిపాటు అదేపని చేస్తే కలిసొచ్చింది కొద్ది పికోసెకన్లేనట. అది చెప్పేటప్పుడు దాని మొహం చూడాలి, అప్పడాలపిండి పాకం కుదిరినప్పటి మా అత్తగారి మొహమే!

కన్ను చురుకైతే రోగికి ఏమిటి లాభం? మందు తగ్గించొచ్చు, లేదా పడుకోబెట్టే సమయం తగ్గించొచ్చు. కాలిఫోర్నియాలో డేవిస్ విశ్వవిద్యాలయంవాళ్ళు తలనించి కాళ్ళదాకా ఒకేసారి చూసే మిషన్ తయారుచేసి, 2018లో మనుషుల బొమ్మలు చూపించారు. మామూలుగా ఇరవై నిమిషాలు పట్టేది అర నిమిషంలోపే తియ్యొచ్చన్నారు.

ఇక అక్కయ్య 'విషం' సంగతి. ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకీ సగమైపోతుంది. పొద్దున్న పదింటికి ఎక్కిస్తే రాత్రి తొమ్మిదింటికి అరవైనాలుగో వంతు మిగులుతుంది. మంచినీళ్ళు బాగా తాగితే మూత్రంలో ఇంకొంత పోతుంది. మామూలుగా ఇచ్చే 10 మిల్లీక్యూరీల మందుతో ఒంటికి తగిలేది 7 మిల్లీసీవర్టులు. నేలా, ఆకాశం, తిండీ కలిసి మనకి ఏటా ఎలాగూ సగటున 2.4 ఇస్తున్నాయి. అసలే లేదని అమ్మాయీ అనలేదు. "అందుకే కదా మేము తగ్గించాలని చూస్తున్నది" అంది. మనవణ్ణి ఎత్తుకోవద్దన్నది ఆ ఒక్కరోజుకే, పిల్లాడి జాగ్రత్తకోసం.

ఈ స్కాన్‌కి వెళ్ళేవాళ్ళు ఇంట్లో ఉంటే చెబుతున్నాను. నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్ళు తాగొచ్చు. షుగరు ఉంటే ముందే చెప్పాలి. గర్భం ఉన్నా, అనుమానమున్నా, చంటిపిల్లకి పాలిస్తున్నా తప్పకుండా చెప్పాలి. ముందురోజు బరువులు మొయ్యకండి, పిండి రుబ్బకండి. అలిసిన కండరాలు కూడా ఆ చక్కెర తాగేస్తాయి. ఇంజెక్షనయ్యాక వక్కపొడి నమలొద్దు, దవడలు వెలిగిపోతాయి! గది చల్లగా ఉంటే దుప్పటి అడగండి. చలికి మెడదగ్గర ఒకరకం కొవ్వు వేడెక్కి వెలుగుతుంది, చూసేవాళ్ళు తికమకపడతారు.

గురువారం అక్కయ్య స్వెట్టరు వేసుకుని బయల్దేరింది. అమ్మాయే వెంట వెళ్ళింది. "నువ్వు చుట్టిన టేపు ఈ మిషన్లో ఉందా?" అని ఆటోలో అడిగిందట.

"ఇంకా లేదు పెద్దత్తయ్యా. దీంట్లో ఉన్నది మాకంటే ముందువాళ్ళ పని."

రిపోర్టు సోమవారం ఇస్తామన్నారు.