జెర్సీ కంటే ముందు కాగితం అడుగుదాం



ఆడపిల్లల ఫుట్‌బాల్ గురించి ఈసారి మాట్లాడుకుందాం. ఊరి క్లబ్బుకి, నగరంలోని పెద్ద మహిళా జట్టుకి మధ్య "భాగస్వామ్యం" అనే మాట ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. మీ పిల్లలు, మా కోచింగ్, కలిసి పనిచేద్దాం అంటారు. ఒక బ్యానర్ కడతారు, కొత్త జెర్సీలు పంచుతారు, ఫొటోలు దిగుతారు. మనోళ్లు సంబరపడతారు. పడాలి కూడా. కానీ ఆ ఫొటో దిగే ముందే ఒక మాట అడగాలి: మన పిల్లకీ మన ఊరికీ రావాల్సింది ఏ కాగితంలో రాశారు?

ఎందుకు అడగాలో చెప్తాను. ముందు జార్ఖండ్ సంగతి చూడండి. 2022 అక్టోబర్‌లో అండర్-17 మహిళల ప్రపంచకప్ మన దేశంలో జరిగింది. భారత జట్టు కెప్టెన్ అస్తం ఒరాన్, గుమ్లా జిల్లాకు చెందిన ఆదివాసీ పిల్ల. జట్టులోని 21 మందిలో ఆరుగురు జార్ఖండ్ వాళ్లే. ఆమె కెప్టెన్ అయ్యాక ఊళ్లో వాళ్లింటికి రోడ్డు వేయడం మొదలుపెట్టారు. ఆ రోడ్డు పనిలో ఆమె అమ్మానాన్నలే రోజుకూలీకి పనిచేశారని అప్పట్లో పత్రికలు రాశాయి. బిడ్డ దేశానికి కెప్టెన్, తల్లిదండ్రులు ఆమె పేరు మీద వచ్చిన రోడ్డుకి కూలీలు. దీన్ని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఇంకో లెక్క. మన దేశంలో మహిళల పెద్ద లీగ్ ఇండియన్ విమెన్స్ లీగ్. 2024-25లో అందులో 8 జట్లు ఆడాయి. బెంగాల్ నుంచి రెండు, ఒడిశా నుంచి రెండు, కేరళ, తమిళనాడు, కర్ణాటక, ఢిల్లీ నుంచి ఒక్కొక్కటి. ప్రపంచకప్‌కి ఆరుగురు పిల్లల్ని పంపిన జార్ఖండ్ నుంచి ఒక్క జట్టూ లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ లేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య కేరళ వెళ్లి గోకులంకి ఆడింది, క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌కి ఆడింది, కోల్‌కతా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కి ఆడింది. 2024-25కి దేశంలోనే ఉత్తమ క్రీడాకారిణి అవార్డు తీసుకుంది. ఆట ఆమెదే, కష్టం ఆమెదే. కానీ ఆ స్థాయి జట్టు కోసం రాష్ట్రం దాటక తప్పలేదు.

అంటే పిల్లలు ఒకచోట తయారవుతున్నారు, జట్లు ఇంకోచోట ఉన్నాయి. మధ్యలో దారి కావాలి. కాబట్టి భాగస్వామ్యం వద్దని నేను అనడం లేదు. దారి ఒకవైపే వెళ్తే మాత్రం అది భాగస్వామ్యం కాదు. అడవిలో చింతపండు మనం ఏరి, దులిపి, గింజ తీసి, సంతకి మోసుకెళ్తాం. ధర మాత్రం కాటా పట్టుకున్నవాడు చెప్తాడు. ఆటలోనూ అదే సంత పెట్టుకుందామా?

డబ్బు సంగతికి వద్దాం. మగవాళ్ల ఫుట్‌బాల్‌లో ఫిఫా పెట్టిన ఒక పద్ధతి ఉంది. కుర్రాడు మొదటి ప్రొఫెషనల్ ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు, చిన్నప్పటి నుంచి అతనికి ఆట నేర్పిన క్లబ్బులకి శిక్షణ పరిహారం రావాలి. అదే ఫిఫా నిబంధనల్లో, 20వ అధికరణంలో, ఈ పరిహారం మహిళల ఫుట్‌బాల్‌కి వర్తించదని రాశారు. మహిళలకి వర్తించే ఇంకో పద్ధతి ఉంది. క్రీడాకారిణిని డబ్బిచ్చి వేరే దేశపు క్లబ్బు తీసుకుంటే, ఆ మొత్తంలో 5 శాతం ఆమెను పెంచిన క్లబ్బులకి పంచాలి. కానీ డబ్బిచ్చి తీసుకుంటేనే కదా 5 శాతం? ఉత్తినే తీసుకుంటే సున్నాలో 5 శాతం సున్నానే.

దీని అర్థం ఏంటంటే, ఆరేడేళ్లు బంతి కొని, బూట్లు కుట్టించి, పొద్దున్నే గుడ్డు పెట్టి పిల్లను పెంచిన ఊరి క్లబ్బుకి ఏ నిబంధనా తనంతట తాను రూపాయి తెచ్చిపెట్టదు. ఆ క్లబ్బుకి ఉన్న ఒకే ఒక్క ఆధారం పెద్ద జట్టుతో రాసుకునే ఒప్పందం. నోటిమాట మీద నడిస్తే ఆ ఆధారం కూడా లేనట్టే.

రెండోది, పెద్ద జట్టు ఎన్నాళ్లు ఉంటుంది? కేరళ బ్లాస్టర్స్ 2022లో మహిళల జట్టు పెట్టింది. తర్వాత ఆ క్లబ్ మగవాళ్ల జట్టు ఒక మ్యాచ్ మధ్యలో మైదానం వదిలి వెళ్లిపోయింది. సమాఖ్య 4 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 జూన్‌లో క్లబ్ ఆ ఆర్థిక భారమే కారణమని చెప్పి మహిళల జట్టును తాత్కాలికంగా ఆపేసింది. మైదానం వదిలింది మగవాళ్లు, ఆట పోయింది ఆడవాళ్లకి. పెద్ద పేరు, పెద్ద అభిమానగణం ఉన్న క్లబ్బులోనే ఇలా జరిగింది. మన పిల్ల ఆరో తరగతిలో ఊరు వదిలి అకాడమీ హాస్టల్‌కి వెళ్లి, తొమ్మిదో తరగతిలో ఆ జట్టు మూతపడితే ఆమె చదువు ఎక్కడ? టీసీ ఎవరి దగ్గర?

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది, భద్రత. అమెరికా మహిళల లీగ్ ప్రపంచంలో పేరున్నది. 2021లో అక్కడి క్రీడాకారిణులు కోచ్‌ల వేధింపుల గురించి బయటికొచ్చి మాట్లాడారు. శాలీ యేట్స్ ఆధ్వర్యంలో జరిగిన విచారణ నివేదిక 2022 అక్టోబర్‌లో వచ్చింది. వేధింపులు ఒకరిద్దరివి కావు, వ్యవస్థలోనే ఉన్నాయి, వాటి మూలాలు చిన్నపిల్లల క్లబ్బుల నుంచే మొదలవుతున్నాయి అని చెప్పింది. కోచ్ తిట్టడం మామూలే, కోచ్ హద్దు దాటడం మామూలే అని పిల్లలకి చిన్నప్పుడే అలవాటు చేస్తున్నారు అంది. మన దగ్గరా అదే 2022లో, అండర్-17 జట్టు యూరప్ పర్యటనలో ఉండగా, దుష్ప్రవర్తన ఆరోపణ మీద సహాయ కోచ్‌ను తీసేశారు. భాష రాని ఊళ్లో, ఫోన్ లేని హాస్టల్‌లో ఉన్న ఆదివాసీ పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? "నీ స్థానం పోతుంది" అనే ఒక్క బెదిరింపు చాలు నోరు మూయించడానికి.

అందుకే కాగితంలో ఈ ఐదూ ఉండాలి.

ఒకటి, మన క్లబ్బు పిల్ల పెద్ద జట్టుతో సంతకం పెడితే క్లబ్బుకి ఎంత ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు.

రెండు, మన ఊరి అమ్మాయిల్లో కనీసం ఇద్దరికి కోచ్ లైసెన్స్ కోర్సు చేయించాలి. బయటి కోచ్ వస్తాడు, పోతాడు. మన కోచ్ ఊళ్లోనే ఉంటుంది.

మూడు, ఎంపిక కాని పిల్లల సంగతి. ముప్పై మందిలో ఇద్దర్ని తీసుకుని వెళ్లిపోతే మిగతా ఇరవై ఎనిమిది మందికి గ్రౌండ్, బంతులు, మ్యాచ్‌లు కొనసాగాలి.

నాలుగు, హాస్టల్‌లో మహిళా వార్డెన్, ఇంటికి వారానికి ఫోన్, రెండు క్లబ్బులతో సంబంధం లేని ఒక మనిషికి ఫిర్యాదు చేసే దారి ఉండాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం తెలిసి కూడా చెప్పకపోవడం పోక్సో చట్టం కింద నేరం అని కోచ్‌లందరికీ ముందే చెప్పాలి.

ఐదు, జట్టు మూతపడితే, గాయమైతే, పిల్ల వద్దనుకుంటే, ఆ విద్యాసంవత్సరం చదువు, వైద్యం, ఇంటికి చేరే ఖర్చు ఎవరిది.

ఈ కాగితాన్ని తల్లిదండ్రులకి కోయలోనో, కువిలోనో, గోండిలోనో, వాళ్లకి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాలి. గ్రామసభలో చదివితే ఇంకా మంచిది. ఫుట్‌బాల్ ఒప్పందం గ్రామసభకి తేవాలని ఏ చట్టమూ చెప్పదు. మనమే తెద్దాం.

"ఇన్ని అడిగితే వచ్చిన ఒక్క అవకాశం కూడా పోతుంది" అని కొందరు పెద్దలు అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. మహిళా జట్ల దగ్గర కూడా డబ్బు కుప్పలుగా లేదు, అదీ నిజమే. ఏడాదికి కనీసం 3.2 లక్షల రూపాయల జీతం ఉండాలని సమాఖ్య 2023లో ప్రకటించాల్సి వచ్చిందంటేనే పరిస్థితి తెలుస్తోంది. కానీ పై ఐదింట్లో డబ్బు ఎక్కువ అయ్యేవి ఎన్ని? వార్డెన్, ఫోన్, ఫిర్యాదు దారి, రాతపూర్వక హామీ, వీటికి కోట్లు అక్కర్లేదు. బాధ్యత కావాలి. బాధ్యత రాయడానికి కూడా వెనకాడే జట్టు మన పిల్లను ఎలా చూసుకుంటుంది? ఇంకో మాట, వాళ్లకి కూడా మన పిల్లలు కావాలి. కొండ ఎక్కి దిగిన కాళ్లు వాళ్లకి కావాలి కాబట్టే వస్తున్నారు. అవసరం రెండు వైపులా ఉన్నప్పుడు మనం చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు.

చదువుకున్న మనం చేయాల్సింది ఇక్కడే ఉంది. మీ మండలంలో ఆడపిల్లల జట్టు ఉంటే, ఈ వారమే వెళ్లి కోచ్‌తో, తల్లులతో కూర్చోండి. ఎవరితోనైనా ఒప్పందం ఉంటే కాగితం చూపించమనండి. లేకపోతే ఈ ఐదూ తెలుగులో ఒక పేజీ రాసి వాళ్ల చేతిలో పెట్టండి. రేపు పెద్ద జట్టు బ్యానర్ పట్టుకుని వచ్చినప్పుడు ఆ పేజీ సిద్ధంగా ఉండాలి. సంతకం అయ్యాకే ఫొటో దిగుదాం.

జై జోహార్.