సంగటి నమలకూడదు, మింగాల

ఇంటికి గొప్ప చుట్టాలు వస్తున్నారంటే మా వీధిలో మొదట దాక్కునేది సంగటి కుండే. ఉరవకొండ మాట చెప్తున్నా, మీ ఊళ్ళోనూ ఇంతేనేమో. రాగి సంగటి, జొన్నరొట్టె, శెనక్కాయల పొడి మన వరకే. చుట్టాలకు మాత్రం పలావు, పనీర్ కూర. దీన్ని మర్యాద అంటారు. నాకైతే ఇది మన వంటను మనమే చిన్నబుచ్చుకోవడం అనిపిస్తుంది. ఈ మాట గట్టిగా చెప్పే ధైర్యం నాకు ఒక నైజీరియా భోజనం వల్ల వచ్చింది.

పోయినేడు లండన్‌లో ఉండే మా చెల్లెలి దగ్గరికి వెళ్ళాను. తను నన్నొక ఖరీదైన నైజీరియా హోటల్‌కు తీసుకుపోయింది. ముందే టేబుల్ చెప్పిపెట్టుకోవాలి. ఒక్కో గిన్నె తెచ్చినప్పుడల్లా అదేమిటో, ఎక్కడి వంటో వడ్డించే అమ్మాయి నిలబడి చెప్తుంది. మొదట వచ్చింది అకారా. కొరికితే మన అలసంద వడ! అలసందలు నానేసి, పొట్టు తీసి, రుబ్బి, ఉల్లిగడ్డ, మిరపకాయ కలిపి నూనెలో వేసింది. తర్వాత సుయా. మాంసం ముక్కలకు వేరుశనగ పొడి, కారం, అల్లం పట్టించి నిప్పుల మీద కాల్చినవి. ఉత్తర నైజీరియాలోని కానో నగరంలో ఒకప్పుడు వేరుశనగ బస్తాలను పిరమిడ్లలాగా పేర్చేవాళ్ళు. 1970లలో కరువూ తెగులూ వచ్చి, దేశం చూపు పెట్రోలు మీదకు మళ్ళి అవి మాయమైపోయాయి. శెనక్కాయను నమ్ముకున్న అనంతపురం వాళ్ళకు ఆ కథ విడమర్చి చెప్పాలా?

అసలు సంగతి తర్వాత వచ్చింది. యామ్ అనే దుంపను ఉడకబెట్టి, దంచి చేసిన తెల్లటి ముద్ద, పక్కన పుచ్చగింజల పొడి, ఆకుకూర వేసి వండిన ఎగుసి పులుసు. మా చెల్లెలు ఫోర్కు అందుకుంది. చేత్తో తినొచ్చా అని నేను అడిగించాను. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. గోరువెచ్చని నీళ్ళ గిన్నె తెచ్చి పెట్టి, ఇలాంటి ముద్దలను తాము 'స్వాలో' అంటామనీ, నమలకూడదు, పులుసులో అద్దుకుని మింగాలనీ చెప్పింది. మా అవ్వ సంగటి గురించి చెప్పే మాట కూడా అక్షరాలా ఇదే. బిల్లు మనిషికి 70 పౌండ్లు అయింది, అంటే ఏడు వేల పైచిలుకు. ఆ డబ్బుతో మా ఇంట్లో ఎన్ని నెలల రాగులు వస్తాయో లెక్కేశాను, లెక్కేయకుండా ఎలా ఉంటాం!

మేం వెళ్ళింది వేరే చోటు గానీ, లండన్‌లోనే చిషురు అని ఒక పశ్చిమాఫ్రికా భోజనశాల ఉంది. నడిపే ఆవిడ పేరు అడెజోకె బకారె, నైజీరియా మనిషి. వంట కాలేజీలో చదవలేదు, సొంతంగా నేర్చుకున్న చెయ్యి. 2019లో బ్రిక్స్‌టన్‌లో ఒక పోటీ గెలిచి, మరుసటేడు అక్కడే చిన్నగా మొదలుపెట్టింది. 2024 ఫిబ్రవరిలో ఆమెకు మిషెలిన్ స్టార్ వచ్చింది. బ్రిటన్‌లో అది అందుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆమే. నాకు నచ్చింది స్టార్ కాదు, వంట పక్కన వండినావిడ పేరు ఉండడం. మన ఇళ్ళల్లో సంగటి బాగుంటే రాగులను మెచ్చుకుంటారు, లేదా నాటుకోడిని.

అట్లని పాత రోజులే బాగుండేవని నేను అనను. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినాక మా వైపు ఆడవాళ్ళు రాగులను వదిలేశారని తప్పుపట్టేవాళ్ళు ఎప్పుడూ సంగటి గెలకలేదు. నూకలు ఉడికాక పిండి పోసి, కుండ దించి, గోనెపట్ట వేసి కాళ్ళతో అదిమి పట్టుకుని తెడ్డుతో తిప్పితే మణికట్టు పోతుంది. తెల్లారితే విసురురాయి సరేసరి. బియ్యం వాళ్ళకు కడుపుతో పాటు చేతులకూ విశ్రాంతి ఇచ్చింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పుడు ఎన్ని ఉపన్యాసాలు విన్నామో! తెడ్డు ఎవరు పట్టుకోవాలో ఒక్కరూ చెప్పలేదు.

వచ్చే నెల మా అమ్మాయిని చూడ్డానికి హైదరాబాదు నుంచి పెళ్ళివాళ్ళు వస్తున్నారు. సంగటి, నాటుకోడి పులుసు, అలసంద వడలు పెడదామన్నాను. "అంత దూరం నుంచి వచ్చేవాళ్ళకు సంగటా? గతిలేనోళ్ళు అనుకుంటారు" అంటోంది మా అత్తమ్మ. మా అమ్మాయి నా వైపే ఉంది. ఆ రోజు తెడ్డు మాత్రం మా ఆయన తిప్పాలని నేను పెట్టిన షరతుకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.