కన్ను కేక వేయదు

యెరికో దారి పక్కన కూర్చున్న బర్తిమయి కథ మనకు కొత్తది కాదు. యేసు ఆ దారిన వెళ్తున్నాడని విని అతడు కేకలు వేశాడు. ఊరుకోమని జనం గద్దించినా ఊరుకోలేదు. ప్రభువు నిలిచాడు, అతన్ని పిలిపించాడు, నీకేం కావాలని అడిగాడు. చూపు కావాలన్నాడు, పొందాడు (మార్కు 10:46-52). ఈ వాక్యభాగం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. అయితే అందులో ఒక చిన్న సంగతిని అంతగా పట్టించుకోం. తనకు చూపు లేదని బర్తిమయికి తెలుసు. తెలుసు గనుకనే కేక వేశాడు. మరి, తన చూపు పోతున్నదన్న సంగతే తెలియనివాడు ఎలా కేక వేస్తాడు?

ఈ ప్రశ్న మా సంఘంలోని ఒక పెద్దాయన వల్ల మాకు కలిగింది. పాలమూరు ప్రాంతంలోని పల్లె సంఘం మాది. ఆయనకు పన్నెండేళ్లుగా షుగర్. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది ఆయనే. ఒక ఏడాది అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడుతున్నాయన్నాడు. ‘వయసు మీద పడింది కదా తాతా, అద్దాలు మార్పించుకో’ అన్నాం. మార్పించుకున్నాడు. మరుసటి ఏడాది మళ్లీ మార్పించుకున్నాడు. ఒకరోజు పొద్దున లేచేసరికి ఒక కంటి ముందు నల్లటి దారాలు వేలాడుతున్నట్టు అనిపించింది. సాయంత్రానికి తెర పడినట్టయింది. హైదరాబాదు తీసుకెళ్తే, షుగర్ వల్ల కంటి లోపల రక్తం కారిందని, ముందే వచ్చి ఉంటే చూపు నిలిచే అవకాశం చాలా ఉండేదని డాక్టర్లు చెప్పారు. రెండో కంటిని లేజర్ చికిత్సతో కాపాడగలిగారు. ఆ పన్నెండేళ్లలో ఆయన షుగర్ కోసం మేం ఎన్నిసార్లు ప్రార్థించామో లెక్కలేదు. కానీ, ‘తాతా, కళ్లు చూపించుకున్నావా?’ అని ఒక్కరమైనా, ఒక్కసారైనా అడగలేదు. ఆ తప్పు మాదే.

కంటి వెనుక భాగంలో రెటినా అనే పలుచని పొర ఉంటుంది. మనం చూసే ప్రతి దృశ్యం దాని మీదే పడుతుంది. దానికి రక్తాన్ని అందించే నాళాలు చాలా సన్ననివి. ఏళ్ల తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఆ నాళాలు దెబ్బతిని ఊరడం మొదలవుతుంది. కొన్ని మూసుకుపోతాయి. వాటికి బదులుగా పెళుసైన కొత్త నాళాలు పుట్టుకొచ్చి, చిట్లి, రక్తం కారుతుంది. దీన్నే డాక్టర్లు డయాబెటిక్ రెటినోపతి అంటారు. ఇందులో భయపెట్టే సంగతి ఏమిటంటే, మొదట్లో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపు కూడా తగ్గదు. చూపు తగ్గిందని మనిషి గుర్తించేసరికి జబ్బు చాలా దూరం వెళ్లి ఉండవచ్చు. కాలికి ముల్లు గుచ్చుకుంటే కేక వేస్తాం. కన్ను మాత్రం కేక వేయదు.

షుగర్ పట్నాల్లో కూర్చుని తినేవాళ్ల జబ్బని ఒకప్పుడు అనుకునేవాళ్లం. ఇప్పుడు అలా అనుకోవడానికి లేదు. దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లోనూ షుగర్ మాత్రలు లేని వాడకట్టు కనబడదు. అసలు మన ప్రాంతానికి కంటి పరీక్షలు కొత్త కాదు. 1996 నుంచి 2000 వరకు ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు చోట్ల 10,293 మంది కళ్లను పరీక్షించి పెద్ద అధ్యయనం చేసింది. ఆ నాలుగింటిలో మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన ‘కంటి వెలుగు’ శిబిరాలు ఊరూరికీ వచ్చాయి. 2023లో రెండోసారి కూడా వచ్చాయి. ఎందరో పేదలకు అద్దాలు అందాయి. దేవునికి స్తోత్రం.

అయితే, అద్దాలు వచ్చాయి గనుక కళ్లు బాగున్నాయని షుగర్ ఉన్నవాళ్లు అనుకోకూడదు. అద్దాల కోసం చేసే పరీక్ష వేరు, రెటినాను చూసే పరీక్ష వేరు. దీనికి కంట్లో మందు చుక్కలు వేసి, కంటిపాపను పెద్దది చేసి లోపల చూస్తారు, లేదా ప్రత్యేకమైన కెమెరాతో ఫొటో తీస్తారు. పెద్దయ్యాక షుగర్ వచ్చినవాళ్లు ఆ సంగతి తెలిసిన ఏడాదే ఈ పరీక్ష చేయించుకోవాలి. ఆ తర్వాత ఏడాదికోసారి, లేదా డాక్టర్ చెప్పినట్టు చేయించుకోవాలి. షుగర్‌తో పాటు బీపీని కూడా అదుపులో ఉంచుకోవాలి. సకాలంలో పట్టుకుంటే లేజర్‌తో, కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లతో చూపును చాలావరకు నిలుపుకోవచ్చు. పోయిన చూపంతా తిరిగి తేవడం మాత్రం కష్టం.

ఇక్కడ విశ్వాసుల మధ్య ఒక మాట వినబడుతుంది. ‘దేవుడు స్వస్థపరుస్తాడు, పరీక్షలెందుకు?’ అని. హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో కన్నీళ్లు విడిచినప్పుడు, నిన్ను బాగుచేస్తానని దేవుడే మాట ఇచ్చాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20). వాగ్దానం ఉంది గనుక మందు వద్దని ప్రవక్త అనలేదు. పౌలు తన వెంట ఉన్న లూకాను వైద్యుడని చెప్పుకోవడానికి సిగ్గుపడలేదు. ప్రార్థన చేయించుకుని మాత్రలు మానేసేవాళ్లను, డాక్టర్‌ను అడగకుండా రోజుల తరబడి ఉపవాసం ఉండి కళ్లు తిరిగి పడిపోయేవాళ్లను చూస్తూనే ఉన్నాం. అది విశ్వాసం కాదు, తెలియనితనం. వాళ్లకు తెలియజెప్పని మనం కూడా అందులో భాగస్తులమే.

కత్తి రావడం చూసి కావలివాడు బూర ఊదకపోతే ఆ రక్తం విషయం వాడినే విచారిస్తానని దేవుడు యెహెజ్కేలుతో చెప్పాడు (33:6). కావలివాడి పని ప్రమాదాన్ని జనం కంటే ముందు చూడడం. సంఘం ఆ పని చేయగలదు. దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. సంఘంలో షుగర్ ఉన్నవాళ్లెవరో కాపరికి తెలిసే ఉంటుంది. వాళ్లను మందలించి, కంటి పరీక్ష ఎప్పుడైందో స్త్రీల సమాజం వారు ఏడాదికోసారి అడగవచ్చు. చుక్కలు వేసిన తర్వాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, ఒంటరిగా రావడం కష్టం. యౌవనస్థులు బండి మీద తీసుకెళ్లి తీసుకురావచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. నాగర్‌కర్నూల్ దగ్గర తూడుకుర్తిలో ఎల్వీ ప్రసాద్ సంస్థవారి కంటి ఆసుపత్రి ఉంది. బొంబాయికో పుణెకో కూలికి వెళ్లినవాళ్లు క్రిస్మస్‌కు ఇంటికి వస్తారు గదా, తిరిగి బండెక్కక ముందే వాళ్లను ఆసుపత్రికి పంపవచ్చు. ప్రేమవిందులో స్వీటుకు బదులు వాళ్లకో పండు ముక్క పెట్టవచ్చు.

కదలలేని పక్షవాయువు రోగిని నలుగురు మోసుకెళ్లారు. దారి లేకపోతే ఇంటి కప్పు విప్పి యేసు ఎదుట దింపారు. ఆయన వాళ్ల విశ్వాసాన్ని చూశాడని సువార్తికుడు రాశాడు (మార్కు 2:5). మోసుకెళ్లడం కూడా విశ్వాసమే.

మా తాత ఇప్పుడు ఒక కంటితో, పెద్ద అక్షరాల బైబిల్లో వాక్యం చదువుతున్నాడు. ఆయన పుస్తకం మూసి కూర్చున్నాక, ఈ నెల ఎవరెవరు కంటి పరీక్షకు వెళ్లాలో మా కాపరి పేర్లు చదువుతారు. రాబోయే ఆదివారం మీ సంఘంలోనూ ఒకరు లేచి ఆ ప్రశ్న అడగాలని, ఏ సహోదరుని చూపూ మన మౌనం వల్ల ఆరిపోకూడదని ప్రార్థిద్దాం.