గూఢచారి చిత్రంలో పొరుగువానికి చోటేదీ?

గడ్డిఅన్నారం వాసులు 2013 ఫిబ్రవరి 21 సాయంకాలాన్ని మరువలేరు. దిల్‌సుఖ్‌నగర్ రహదారిపై కోణార్క్, వెంకటాద్రి థియేటర్ల చేరువలో నిమిషాల తేడాతో పేలిన రెండు బాంబులు 18 మందిని బలిగొన్నాయి. బస్సు కోసం వేచి ఉన్నవారు, చదువుల కోసం నగరానికి వచ్చినవారు ఆ దాడికి గురయ్యారు. మృతులలో ముస్లింలూ ఉన్నారు.

అంతకు నెలరోజుల ముందే, జనవరి 25న ‘విశ్వరూపం’ తెలుగులో విడుదలైంది. ముస్లిం సంస్థల అభ్యంతరాల నడుమ తమిళనాడులో నిలిచిపోయి, కొన్ని సవరణల అనంతరం ఫిబ్రవరి 7న అక్కడ ప్రదర్శనకు వచ్చింది. దాని కొనసాగింపు ‘విశ్వరూపం 2’ 2018 ఆగస్టు 10న వెలువడింది.

ఆ రెండవ చిత్రంలోని పాత్రలను ఒకచోట నిలిపి చూద్దాం. బాంబును అడ్డుకొనే విసామ్ అహ్మద్ కాశ్మీరీ ముస్లిం. కమల్ హాసన్ ఆ పాత్రను గౌరవంగానే తీర్చిదిద్దారు. బాంబు వెనుక ఉన్న ఒమర్, అతని అనుచరుడు సలీం కూడా ముస్లింలే. వీరుడు, విద్రోహి ఇద్దరూ ఉన్నారు. అయితే బాంబుకు బలియైన ముస్లిం ఎక్కడ? 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత అనుమానంతో నిర్బంధితులై, పిదప న్యాయస్థానంలో నిర్దోషులుగా తేలిన హైదరాబాద్ యువకుల వంటివారు ఎక్కడ?

2019 నాటి ‘వార్’లోనూ ఖాలిద్ అనే సైనికుడు తండ్రి చేసిన ద్రోహపు మచ్చను తన విధేయతతో తుడుచుకొనవలసి వచ్చింది. మన వెండితెరపై ముస్లిం సందేహానికి హేతువు కావాలి, లేదా సందేహాన్ని తీర్చుకొనే పరీక్షార్థి కావాలి. సందేహమే లేని పొరుగువానిగా కనిపించడం అరుదు.

‘విశ్వరూపం 2’లో ఈ రెంటికీ చెందని పాత్ర ఒక్కటుంది. 1955లో తెలుగు చిత్రం ‘రోజులు మారాయి’తో వెండితెరకు పరిచయమైన వహీదా రెహమాన్ అందులో విసామ్ తల్లి. మతిమరుపు వ్యాధి వల్ల ఎదుట నిలిచిన కన్నకొడుకును ఆమె గుర్తించలేదు. దేశానికి సర్వం ధారపోసినా గుర్తింపునకు నోచుకొనని వారికి ఆ దృశ్యం వేరొక అర్థాన్ని స్ఫురింపజేస్తుంది.

దిల్‌సుఖ్‌నగర్ కేసులో ఐదుగురికి 2016లో ప్రత్యేక న్యాయస్థానం విధించిన మరణశిక్షను 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ధ్రువీకరించింది. రుజువైన నేరానికి చట్టప్రకారం శిక్ష పడవలసిందే. కాని నేరం చేసిన వ్యక్తులది. ఆ పేర్లను పోలిన పేర్లు గలవారందరిదీ కాదు. న్యాయస్థానం పాటించే ఈ విచక్షణనే కథకుల నుండి కోరుతున్నాం.

చిత్రాలను నిషేధించమని మేము అడగడం లేదు. నిషేధం ప్రచారాన్ని పెంచుతుందే గాని దృష్టిని మార్చదు. రాబోయే గూఢచారి చిత్రాలలో వీరునికీ విద్రోహికీ నడుమ, ఆ సాయంకాలం బస్సు కోసం నిలుచున్న సామాన్య ముస్లింకు కూడా ఒక పేరు, ఒక ఇల్లు, అతని కోసం కన్నీరు పెట్టే ఒక పొరుగింటివారు ఉండాలని కోరుతున్నాం. దిల్‌సుఖ్‌నగర్‌లో వారు నిజంగానే ఉన్నారు.